ఫియట్టుకు కాంటెస్సా స్టీరింగు

హిందూపురం, పెనుకొండ రోడ్డులో ఆశీర్వాదం కార్ల షెడ్డు. రెండో శనివారం, పగలు పదకొండు గంటలు. ధర్మవరం నేతగాడు చెన్నకేశవులు కూతురు మంజులత బస్సు దిగి నేరుగా వచ్చింది.

“బండి నువ్వే పెట్టుకో అన్నా. ఎంతిచ్చినా సరే. నాయన ఇంగ తోలడు.”

“తోలడా? నిలబడుకోని చెప్పే మాటా ఇది? కూచో మంజులా. ఆ స్టూలు తుడిచిందే.”

“కూచునేదానికి రాలా. తాళం ఇచ్చిపోదామని వచ్చినా. ఇదో.”

“తాళం అట్ల పెట్టు. బ్రేకులు సరిగా పడలేదా? నాలుగు చక్రాలకూ కొత్త షూలు ఏసినా. నేనే తొక్కి చూసినా.”

“బ్రేకులు బాగుండాయి.”

“మల్ల?”

“నాయనకే బాగలేదు.”

“అదేంది, పోయిన శుక్రవారం ఫోన్లో మాట్లాడినా గదా. బండి పంపిస్తాండా పెద్దాయనా అంటే, పంపించబ్బా, ఆదివారం కుళ్ళాయమ్మను ఎక్కించుకోని పెనుకొండ కోట చూపించుకోని వస్తా అన్యాడు. గొంతు గట్టిగానే ఉండాది.”

“ఆ ఆదివారమే.”

“ఆ ఆదివారం ఏమాయె?”

“అమ్మ పట్టుచీర కట్టుకోని ముందర సీట్లో కూచుంది. చక్రం కింద నిమ్మకాయ పెట్టినారు. బండి కదిలింది. మా సందులోనుండి రోడ్డు మీదికి రావాలంటే ఎడమకు తిరగాల గదా. తిరగలా. కుడికి పోయి ఎదురింటి అరుగుకు కొట్టింది.”

“అయ్యో. అమ్మకు?”

“మోకాలు తగిలింది, అంతే. నిమ్మకాయ గూడా సరిగా నలగలేదు.”

“పెద్దాయనకు?”

“ఏమీ తగల్లా. దిగినాడు. చేతులు చూసుకున్యాడు. రెండు చేతులూ ఇట్ల తిప్పి తిప్పి చూసుకున్యాడు. మల్ల ఎక్కి వెనక్కి తీసినాడు. మల్ల తిప్పినాడు. అదే అరుగు. ఎదురింటామె బయటికొచ్చి, ఏమప్పా చెన్నకేశవులూ, మా అరుగు మీద నీకేం పగ అనింది. అందరూ నవ్వినారు. నాయన నవ్వలా.”

“ఊ.”

“దిగి ఇంట్లోకి పోయినాడు. మంచం మీద కూచున్యాడు. ‘కుళ్ళాయమ్మా, నాకు ఎడమ కుడి పోయిందే’ అన్యాడు.”

“టీ తాగుతావా?”

“ఏంది?”

“టీ. తెప్పిస్తా.”

“నాయన సంగతి చెప్తాంటే టీ అంటావేందన్నా?”

“లేదమ్మా. ఎండలో వచ్చినావని.”

“తెప్పించొద్దు. బండి ఎప్పుడు తీసుకోని వస్తావో చెప్పు, నేను పోతా. అమ్మ ఒక్కతే ఉండాది ఆయనతో.”

“ఉండు, ఉండు. ఇప్పుడెట్లుండాడు?”

“చేతుల మీద పెన్నుతో రాసుకున్యాడు. ఈ చేతి మీద ఎ. ఈ చేతి మీద కు. స్నానం చేస్తే చెరిగిపోతాది. మల్ల అమ్మతో రాపిచ్చుకుంటాడు. వీధిలోకి పోవాలంటే ఆ చేతులు జేబుల్లో పెట్టుకోని పోతాడు.”

“చెప్పులు అవీ సరిగ్గానే ఏసుకుంటాడా?”

“సరిగ్గానే ఏసుకుంటాడు. ఏసుకోని అమ్మ మొగం చూస్తాడు, సరేనా అని. గుడికి పోయి ప్రదక్షిణం చేసేటప్పుడు ముందర ఎవురన్నా నడిస్తే వాళ్ళ వెనకాల పోతాడంట. ఎవురూ లేకపోతే నిలబడుకుంటాడంట. పూజారి చెప్పినాడు.”

“మగ్గం?”

“వారం దినాలుగా ఒక్క పోగు నేయలా. పెండ్లి చీర, సగం అయింది. షావుకారు రెండు తూర్లు మనిషిని పంపినాడు. నాయన మగ్గం గుంతలో దిగి కూచుంటాడు, తాడు పట్టుకుంటాడు, లాగడు. ‘లాగితే తప్పు పడితే ఎట్లమ్మా, పట్టు మనది కాదు’ అంటాడు.”

“ఆయప్ప చేతిలో తప్పు పడుతుందా.”

“పడదు. నలబై ఏండ్లు నేసిన చేయి. ఒకే ఒక చీర వాపసు వచ్చింది పోయినేడు. అంచులో హంసలు ఎదురెదురు చూడాల్సింది పోయి వీపులు తిప్పుకోని కూచున్యాయి, మొగుడూ పెండ్లాం కొట్లాడుకున్యట్ల. అది గూడా అంచు డిజైను పడే జకార్డు అట్టలు కుట్టినోని తప్పు అని నాయన చెప్పినాడు. వాన్ని పిలిపించి తిట్టినాడు.”

“డాక్టరుకు చూపిచ్చినారా?”

“అనంతపురం పిల్చుకోని పోయినాం. స్కానింగ్ తీసినారు. తలలో యాడో చిన్న మచ్చ ఉండాది, ఈ వయసుకు చానామందికి ఉంటాది, దాన్ని బట్టి చెప్పలేను అన్యాడు. నాయనను ముక్కు పట్టుకోమన్యాడు, నడవమన్యాడు, గడియారం బొమ్మ గీయమన్యాడు.”

“గీసినాడా?”

“గీయనన్యాడు. భయపడినాడు. కాయితం వెనక్కి తోసినాడు. డాక్టరు మమ్మల్ని బయటికి పిల్చి ఒకటే అడిగినాడు. ఇట్ల ఎప్పటి నుండి అని.”

“ఏం చెప్పినారు?”

“ఆదివారం నుండి అన్యాం. ఆదివారమే అయితే బాగా తొందరగా వచ్చినారు, మందులు వాడితే పోయింది తిరిగి రావచ్చు అన్యాడు. ఏడాది నుండి లోపల్లోపల జరుగుతా ఉంటే మటుకు, పోయింది తిరిగి రాదు, ఉండేదాన్ని కాపాడుకునేదే అన్యాడు. అందుకే బాగా ఆలోచించి చెప్పండి అన్యాడు. ఏం ఆలోచించేది? శనివారం వరకూ బాగుండె. ఆదివారం పొద్దున పోయింది.”

“శనివారం వరకూ బాగుండె.”

“అదే గదా చెప్తాండేది.”

“మంజులా, నువ్వెప్పుడన్నా ఆ బండి తోలినావా?”

“నాకు స్కూటీ తప్ప ఏమొస్తాది?”

“పక్కన కూచున్యావా?”

“కూచున్యా. పెనుకొండకు, మా స్కూలు కాడికి, నాలుగైదు తూర్లు దింపినాడు. పచ్చ బండికి మెరూన్ రంగు అంచు ఏయించినాడు గదా, మా హెడ్‌మేడం శోభారాణి, ఏమ్మా, మీ ఇంట్లో కారుకు గూడా చీర కడతారా అనింది. ఏంటికి అడుగుతాండావు?”

“మలుపులో ఆయప్ప చేతులు చూసినావా?”

“చేతులా? చూసినా. ఏదో ఒక మాదిరి ఉండేది.”

“ఏ మాదిరి?”

“చెయ్యి ఒకపక్క పోతే బండి ఇంకోపక్క పోయినట్ల. ఒకసారి అడిగినా గూడా. ‘ఏముందమ్మా, యాపక్క పోవాలనో ఆపక్కే తిప్పుతాండా గదా’ అన్యాడు. నాకు తెలీదు కార్ల సంగతి. అన్నీ అంతేనేమో అనుకున్యా.”

“అన్నీ అంతే కాదు.”

“ఏందన్నా, మొగం అట్ల పెట్టినావు?”

“తాళం తీసుకో. బ్యాగులో పెట్టుకో. మీ నాయనకు ఏమీ కాలా.”

“ఏంది నువ్వు చెప్పేది?”

“నేను చేసినా ఇదంతా.”

“నువ్వేం చేసినావు?”

“స్టీరింగు తిప్పినా. అడ్డం మాట్లాడొద్దు, మొదటి నుండి చెప్పనీ. ఆ ఫియట్టు పాత స్టీరింగు బాక్సు అరిగిపోయి ఉండె. అదెక్కడా దొరకదు. పోయినేడు మీ నాయన ఈడికి వచ్చినాడు. మడకశిరలో ఒకాయన కాంటెస్సా కారు తుక్కుకు ఇస్తే దాని బాక్సు నా దగ్గర ఉండె. అదిస్తి. ఆ బాక్సు ఫియట్టులో నేరుగా కూచోదు. నడిమధ్య ఒక ఇనుప ప్లేటు పెట్టి, ఆ ప్లేటుకు బాక్సు బిగించాల. బండి ఇడిచిపో పెద్దాయనా, నేను చేసిస్తా అన్యా. వినలా.”

“ఆరేండ్లు కట్టినాడు ఆ బండిని. షావుకారు పాకలో కోళ్ళు గుడ్లు పెడతాండె దాంట్లో. స్క్రూ గూడా ఇంకొకరిని బిగించనియ్యలా.”

“అదే అన్యాడు నాతో. ఆరేండ్లు నా చేతులతో కట్టుకున్యా, ఇది గూడా నేనే బిగిస్తా అని. ప్లేటు ఆయప్పే గీసినాడు. పెనుకొండలో లేతు రామాంజినేయులు దాన్ని గీసింది గీసినట్ల కోసిచ్చినాడు. ఇంటికి తీసుకపోయి ఆయప్పే బిగించినాడు. నేను బండి చూడలా. బ్రేకులకని మొన్న తెచ్చి ఇడిచిపెట్టి, రైలుకు పోయినాడు గదా? అప్పుడు ఎక్కినా నేను.”

“ఎక్కితే?”

“బ్రేకు తొక్కి చూద్దామని రోడ్డు మీదికి తీసినా. ఎడమకు తిప్పితే కుడికి పోయింది. ఆ కరెంటు స్తంభం చూడు. బెత్తెడు దూరంలో ఆగినా.”

“నాకు అర్థం కాలా.”

“ప్లేటు తిరగేసి కోసినారు. దానికి బిగిస్తే బాక్సు గూడా తిరగబడింది. చక్రాలను లాగే చేయి వెనక్కి చూడాల, అది ముందరికి చూస్తాండాది. స్టీరింగు ఎడమకు తిప్పితే బండి కుడికి పోతాది. కుడికి తిప్పితే ఎడమకు.”

“మా నాయన తోలింది అట్లాంటి బండినా?”

“ఉగాది నుండి. ధర్మవరం నుండి ఈడిదాకా, లారీల మధ్యలో. మీ అమ్మను ఎక్కించుకోని. ముప్పై ఏండ్లుగా ఇదే పని చేస్తాండా, నేను ఆ బండిని పది గజాలు తోలలేకపోయినా.”

“మరి నాయన ఎట్ల తోలినాడు?”

“నేను నిన్ను అడుగుతా. అంతకుముందు ఏ బండన్నా తోలినాడా ఆయప్ప?”

“లేదు. సైకిలు గూడా రాదు. నడకే. కాలేజీ గ్రౌండులో ఈ బండి మీదనే నేర్చుకున్యాడు. రెండు నెలలు. క్రికెట్ ఆడే పిల్లోళ్ళు బండి కనపడితే స్టంపులు పీక్కోని పోయేటోళ్ళు.”

“అదీ. వేరే అలవాటు లేదు. చేతికి మొదట ఏది నేర్పితే అదే చదువు. ఇంగ నేనేం చేసినా? కొత్త ప్లేటు కోయించినా. బాక్సు సరిగా తిప్పి పెట్టినా. మా బామ్మర్ది హరితో బండి మీ ఇంటికి పంపిస్తి. హరి తోలుకోని పోయినాడు, సరిగ్గా పోయింది.”

“నాయనకు చెప్పినావా?”

“లేదు.”

“హరి?”

“చెప్పొద్దని నేనే అన్యా.”

“ఏంటికి?”

“పెద్ద మనిషి. ఆరేండ్లు కట్టుకున్యాడు. తిరగేసి బిగించినావు పెద్దాయనా అని ఎట్ల చెప్పేది మొగం మీద? చెప్పకుండా సరిచేస్తే అదే మర్యాద అనుకున్యా. ఇంత బాగా తోలే మనిషికి సరైన స్టీరింగు ఇంకా సులువు గదా అనుకున్యా. ఆ ఒక్క సంగతి ఆలోచించలా నేను. ఆయప్పకు అదే సరైందని.”

“మర్యాద.”

“తిట్టు. పడతా.”

“వారం దినాలన్నా. చేతుల మీద రాసుకోని తిరుగుతాండాడు. నా చేత్తో అన్నం ముద్ద పెట్టించుకున్యాడు మొన్న, యాచేత్తో తినాలో నమ్మకం లేక. మా అమ్మ మొక్కని దేవుడు లేడు. నీ మర్యాద పుణ్యాన.”

“తిట్టుమ్మా.”

“ఫోన్ చేసి ఒక్క మాట చెప్పింటే?”

“చేసింటే సరిపోతాండె. చేయలా.”

“అంటే, నాయనకు ఏమీ లేదు?”

“ఏమీ లేదు.”

“డాక్టరు చెప్పిందంతా?”

“ఆదివారం నుండి అని మీరు చెప్తిరి, ఆయన అదే పట్టుకున్యాడు. ఆదివారం తిరగబడింది బండి. మనిషి కాదు.”

“ఏడుస్తాండానని చూడొద్దు. నవ్వే ఇది.”

“ఏడువు. నేను ఆపక్క చూస్తాలే.”

“ఎదురింటామె అరుగుకు సిమెంటు నువ్వే పూయిస్తావు.”

“పూయిస్తా. పాలిష్ బండ ఏయిస్తా. మీ అమ్మ మోకాలుకు గూడా నేనే మందు తెస్తా. రేపు చర్చి అయినాంక నేనే వస్తా ధర్మవరం. ఆయప్ప పక్కన కూచోని నేర్పిస్తా, సరైంది. కాదు నాకు పాతదే కావాలంటే పాత ప్లేటే బిగించి ఇస్తా. పోలీసోళ్ళు చూస్తే చూసుకుందాం.”

“ముందు ఫోన్ చేస్తా. చేతులు కడుక్కోమని చెప్తా.”

“చెయ్. బిన్నా చెయ్.”

“రింగవుతాంది. ఎత్తలా. పెరట్లో ఉంటాడు.”

“మల్ల చెయ్.”

“చేస్తా. నాకు ఒకటి అర్థం కాలేదన్నా. లెక్క తప్పని మనిషి నాయన. ప్లేటు తిరగేసి ఎట్ల గీసినాడు?”

“అది అడగొద్దు, నా తప్పు బయటపడతాది.”

“నీ తప్పా?”

“గీత నేను చూసినా. ఇదే బల్ల మీద. కాయితం ఇంగా ఉండాది, రెండో ప్లేటు కోయించేదానికి రామాంజినేయులు కాడి నుండి తెప్పిస్తి. ఇదో. చీరల డిజైన్లు గీసే గళ్ళ కాయితం.”

“మూలన తేదీ ఏసినాడు.”

“ఏస్తాడు గదా. అలవాటు.”

“పోయినేడు ఆగస్టు. ఆ హంసల చీర వాపసు వచ్చిన నెలే.”

“ఆ. ఈడ పరిచినాడు. చూస్తానే అడిగినా నేను, ‘పెద్దాయనా, ఇది తిరగేసి ఉండేట్ల ఉండాదే’ అని.”

“అడిగినావా?”

“అడిగినా. అప్పుడు గట్టిగా పట్టుకోని ఉంటే ఇదేదీ జరగదు.”

“నాయన ఏమన్యాడు?”

“చూసినాడు. కాయితం అటు తిప్పినాడు, ఇటు తిప్పినాడు. మల్ల నవ్వినాడు. ‘ఆశీర్వాదం, నీకు మగ్గం తెలీదు. మగ్గం మీద చీర బోర్లా ఉంటాది, ముఖం కిందికి. మేము తిరగేసే గీస్తాం, నలబై ఏండ్లుగా నా చేతికి అదే అలవాటు. కోసేటోడు తిప్పి కోసుకుంటాడులే’ అన్యాడు. నేనూ నవ్వినా. పని తెలిసిన మనిషి గదా అనుకున్యా. తిప్పి కోయమని రామాంజినేయులుతో ఎవురూ చెప్పలా. అంతే జరిగింది.”

“చూసినాడు అన్యావు. ఎంతసేపు చూసినాడు?”

“ఎంతసేపంటే, ఏమో. టీ చల్లారిపోయింది. ఇంకొకటి తెప్పిస్తి.”

“నవ్వింది ఆ తర్వాతనా?”

“తర్వాతనే. ఏంటికమ్మా?”

“చీర ముఖం కిందికి ఉంటాదని చెప్పినాడా?”

“చెప్పినాడు గదా. అందుకే నాకు దిగులు లేదు. అది అలవాటమ్మా, జబ్బు కాదు. మీ డాక్టరుకు గూడా అదే చెప్పు. ఫోన్ ఏమాయె? ఎత్తినట్లుండాది చూడు.”

“హలో. ఎవురు? మంజులా?”

“ఎత్తినాడు. చెప్పు. నీకేమీ లేదు నాయనా అని చెప్పు. నేను చెప్పేదా? ఇట్లియ్యి.”

“హలో. పలకవేమ్మా. తాళం తీసుకున్యాడా ఆశీర్వాదం?”

“పాపం, అడుగుతాండాడు. ఏదో ఒకటి చెప్పమ్మా.”

“మా మగ్గం మీద చీర ముఖం పైకే ఉంటాదన్నా.”